ఒకే కమాన్ పట్టీ, నాలుగు లోహాలు: ఉక్కులో దశల మార్పును కొలిమి దగ్గర చూడటం ఎలా

ఇనుము–కార్బన్ పటాన్ని పుస్తకంలో చూస్తే గీతల గజిబిజి. ఎంత కార్బన్ ఉంటే, ఎంత వేడిలో ఉక్కు ఏ దశలో, అంటే లోపల ఏ అమరికలో ఉంటుందో చెప్పే పటం అది. 727, 912, 0.8 అని అంకెలు బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కినా, ఆ గీత దాటినప్పుడు ముక్కలో ఏం జరుగుతుందో చూసినవాళ్లు తక్కువ. ఊళ్లో గొడ్డలికీ గడ్డపారకూ పదును పెట్టే కమ్మరికి ఆ గీతలన్నీ కంటితోనే తెలుసు, పేర్లతో ఆయనకు పనిలేదు. ఈ రెండు తెలివిడులనూ కలపడానికి ఒక రోజు చాలు. పాత కమాన్ పట్టీ (లారీ స్ప్రింగు పట్టీ) ముక్క, బొగ్గుల కొలిమి, పాడైన స్పీకర్‌లోని అయస్కాంతం, ఒక పాత ఆకురాయి ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ చేయబోయేది ఇది: ఒకే పట్టీలోంచి కోసిన నాలుగు ముక్కలను ఒకే వేడికి తెచ్చి, అక్కడి నుంచి నాలుగు దారుల్లో నడిపిస్తాం. లోపలి సరుకు మారదు. కార్బన్ కలవదు, పోదు. అయినా ఒకటి వంచితే వంగుతుంది, ఇంకొకటి సుత్తి దెబ్బకు సీసాలా పగులుతుంది.

కావలసినవి

నార్కట్‌పల్లి, సూర్యాపేట, జడ్చర్ల లాంటి హైవే ఊళ్లలో లారీలకు, ట్రాక్టర్ ట్రాలీలకు కమాన్ పట్టీలు కట్టే షెడ్ల దగ్గర విరిగిన పట్టీ తూకానికి దొరుకుతుంది. 10 మి.మీ. మందం ఉన్నది చూడండి. విరిగిన చోటుకు జానెడు దూరం వదిలి కోయండి, ఆ దగ్గర్లో కంటికి కనపడని పగుళ్లు ఉంటాయి. సాధారణంగా ఈ ఉక్కులో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. దాంతోపాటు సిలికాన్, మాంగనీసు గానీ, క్రోమియం గానీ కలుస్తాయి. ఇంటి స్లాబుకు వేసే టీఎంటీ కడ్డీ ఈ పనికి రాదు, ఎందుకో చివర్లో చూద్దాం.

యాంగిల్ గ్రైండర్‌కు సన్న కటింగ్ వీల్ వేసి, 6 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవున్న ముక్కలు ఆరు కోయండి. నాలుగు పరీక్షకు, ఒకటి చెడగొట్టడానికి, ఒకటి ఉన్నది ఉన్నట్టు పోల్చుకోవడానికి. రంపంతో కోద్దామని కూర్చోవద్దు. పట్టీ ఫ్యాక్టరీలోనే గట్టిపడి వచ్చింది, బ్లేడు పళ్లు రాలతాయి. కోసేటప్పుడు అంచు నీలం రంగుకు తిరిగినా ఫర్వాలేదు, ఎలాగూ మళ్లీ కాలుస్తాం. మూలలన్నీ ఆకురాయితోనో గ్రైండర్‌తోనో కొంచెం గుండ్రం చేయండి. ఈ చిన్న పని వదిలేసినవాళ్ల ముక్కలే నూనెలో పగులుతాయి. తర్వాత సెంటర్ పంచ్‌తో ఒకదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, అలా గుర్తులు పెట్టండి. పెయింటు గుర్తు మంటలో నిలవదు.

మిగతావి: బొగ్గులు 5 కిలోలు, చేతి బ్లోయరు, పొడవాటి పటకారు, మూత ఉన్న ఇనుప డబ్బాలో 5 లీటర్ల పల్లీ నూనె గానీ పామాయిల్ గానీ, పాత నూనె డబ్బా నిండా జల్లించిన పొడి బూడిద. వాడేసిన ఇంజన్ ఆయిల్‌తోనూ పని జరుగుతుంది గానీ ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, పది రూపాయల ఆదా కోసం పీల్చే సరుకు కాదది. ప్లాస్టిక్ బకెట్ పొరపాటున కూడా వద్దు. నూలు బట్టలు, బూట్లు, కళ్లద్దాలు ఉండాలి, టెరిలిన్ చొక్కా మీద నిప్పురవ్వ పడితే ఒంటికి అతుక్కుంటుంది. పక్కన ఒక బకెట్ ఇసుక పెట్టుకోండి. నూనె అంటుకుంటే మూత వేయాలి, లేదా ఇసుక పోయాలి. నీళ్లు పోస్తే మంట ఎగజిమ్ముతుంది.

ముందు నిప్పురవ్వలను చదవండి

తెచ్చిన పట్టీ నిజంగా కార్బన్ ఉన్నదేనా? గ్రైండర్‌కు ఒత్తి చూడండి. మెత్తటి ఇనుము రవ్వలు పొడవాటి గీతల్లా పోయి ఊరికే ఆరిపోతాయి. కార్బన్ పెరిగేకొద్దీ గీతలు పొట్టివై, చివర్లో చిచ్చుబుడ్డి పువ్వుల్లా చీలతాయి. పక్కనే ఒక టీఎంటీ ముక్కనూ ఒక పాత ఆకురాయినీ ఒత్తితే మూడింటి తేడా వెంటనే తెలుస్తుంది. ఆకురాయిలో కార్బన్ 1 శాతం పైనే ఉంటుంది, పువ్వులు గుప్పున విచ్చుకుంటాయి.

వేడి చేయడం: నీడను చూడాలి

ఈ భాగాన్ని తొందరపడి దాటొద్దు. దశల మార్పును కంటితో చూడగలిగే చోటు ఇదే.

పని సాయంత్రం పొద్దు గుంకాక పెట్టుకోండి, లేదా చీకటి కొట్టంలో చేయండి. పాలమూరు మిట్టమధ్యాహ్నపు ఎండలో 700 డిగ్రీల ఇనుము కూడా నల్లగానే కనిపిస్తుంది. ఎరుపు తెలిసేసరికి 900 దాటి ఉంటారు. కొలిమి కొట్టాల్లో వెలుతురు తక్కువ ఉండటం ఊరికే కాదు.

బ్లోయరు మెల్లగా తిప్పుతూ, ముక్కను బొగ్గుల మీద కాక బొగ్గుల మధ్యలో పెట్టండి. మొదట ముదురు ఎరుపు, తర్వాత చెర్రీ పండు ఎరుపు వస్తాయి. అక్కడ ఆగి గమనించండి. గాలి తగ్గించి ముక్కను కొంచెం బయటికి లాగితే, ఎర్రటి లోహం మీద మబ్బు నీడలాంటి మచ్చ ఒకటి కదులుతూ కనిపిస్తుంది. కొనలు, అంచులు ముందు వెలుగుతాయి, నీడ మధ్యలోకి జరుగుతూ చిన్నదై మాయమవుతుంది. మసి కాదది. గది వేడిలో ఇనుము పరమాణువులు ఫెర్రైట్ అనే అమరికలో ఉంటాయి: ఘనానికి ఎనిమిది మూలల్లో ఒక్కొక్కటి, నడిమధ్యలో ఒకటి. 727 డిగ్రీలు దాటితే ఆ అమరిక విడిపోయి ఆస్టెనైట్ అనే వేరే అమరికలోకి వెళ్తుంది: మూలల్లో ఒక్కొక్కటి, ప్రతి ముఖం మధ్యలో ఒకటి. మంచు కరగడానికి వేడి ఎలా కావాలో ఈ మార్పుకూ అలాగే వేడి కావాలి. అందుకే మార్పు జరుగుతున్న చోట లోహం వేడిని మింగుతూ కొంతసేపు మసగ్గా ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో ఇదే తలకిందులవుతుంది. ముక్కను బయటికి తీసి చీకట్లో గాలికి ఆరనిస్తే, ఎరుపు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఉన్నట్టుండి మళ్లీ కొంచెం వెలుగుతుంది. మింగిన వేడిని కక్కడం అది. 1873లో బారెట్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని గమనించి రీకాలసెన్స్ అని పేరు పెట్టాడు. సైకిల్ పుల్లల్లో మెత్తటివి వద్దు, స్ప్రింగు తీగ ముక్క దొరికితే దాంట్లో ఇది బాగా తెలుస్తుంది.

ఇప్పుడు అయస్కాంతం. ఇనుప కడ్డీ కొనకు అయస్కాంతాన్ని తీగతో కట్టి, ఎర్రటి ముక్కకు ఒక్క క్షణం తాకించి తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే స్పీకర్ అయస్కాంతమే వేడెక్కి సత్తా పోగొట్టుకుంటుంది, తర్వాత ఏ ముక్కకూ అంటక మిమ్మల్ని మోసం చేస్తుంది. ఫెర్రైట్‌కు అయస్కాంతం అంటుతుంది, ఆస్టెనైట్‌కు అంటదు. స్వచ్ఛమైన ఇనుము మాత్రం అమరిక మారకముందే, 770 డిగ్రీల దగ్గరే, అయస్కాంత గుణం కోల్పోతుంది. అమరిక మారేది 912 దగ్గర. ఈ రెండూ ఒకటే అనుకునే పొరపాటు పుస్తకాలు చదివినవాళ్లూ చేస్తారు.

అయస్కాంతం వదిలేసింది కదా అని వెంటనే ముంచేయొద్దు. మామూలు కార్బన్ ఉక్కుకైతే ఇంకో 40–50 డిగ్రీలు చాలు. కమాన్ పట్టీలోని సిలికాన్ మార్పు పూర్తయ్యే వేడిని పైకి నెడుతుంది కాబట్టి, దీన్ని 80–100 డిగ్రీల పైకి, అంటే 850 చుట్టుపక్కలకు, చెర్రీ ఎరుపు దాటి నారింజ మొదలయ్యే చోటుకు తేవాలి. ఆ రంగులో 3–4 నిమిషాలు నిలపండి. కార్బన్ అంతటా సమంగా కరగడానికి ఆ వ్యవధి కావాలి. పసుపు రంగుకు పోనిస్తే లోపలి రేణువులు ఉబ్బుతాయి. తెల్లటి రవ్వలు రాలాయంటే ఆ చోట ఉక్కు కాలిపోయినట్టే, కోసి పారేయాలి, ఏ వైద్యమూ లేదు.

నాలుగు దారులు

ఒకటో ముక్క బూడిదలోకి. ఎర్రగా ఉండగానే నడిమధ్యలో పాతి, పైన మూత పెట్టి తెల్లవారేదాకా ముట్టుకోవద్దు. ఒక్క ముక్క తొందరగా చల్లారిపోతుందనుకుంటే, పక్కన ఎర్రగా కాల్చిన లావుపాటి ఇనుప దిమ్మ ఒకటి పెట్టండి. బూడిదలో తడి ఉంటే పని చెడినట్టే.

రెండోది గాలిలో. ఇటుక మీద నిలబెట్టి వదిలేయండి, ఫ్యాను కింద వద్దు.

మూడోది, నాలుగోది నూనెలోకి. నూనెను ముందే 50–60 డిగ్రీలకు వెచ్చజేయాలి. ఇది వినడానికి తలకిందులుగా ఉంటుంది: వెచ్చటి నూనె పలచనై ముక్క చుట్టూ చురుగ్గా కదులుతుంది కాబట్టి, చల్లటి చిక్కటి నూనె కంటే తొందరగా వేడి లాగుతుంది. నీళ్లది దీనికి ఎదురు గుణం. నీళ్లు వెచ్చబడేకొద్దీ ముక్క చుట్టూ ఆవిరి తొడుగు ఎక్కువసేపు నిలిచి వేడిని ఆపుతుంది. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లకూ రంజన్‌లో నీళ్లకూ ఉన్న తేడా పదునులో, అంటే ఉక్కు గట్టిపడటంలో, కనిపిస్తుంది. ఏ బావి నీళ్లు అన్న చర్చ కంటే ఎంత చల్లటి నీళ్లు అన్నదే అసలు లెక్క.

కొలిమి నుంచి నూనె దాకా రెండు సెకన్లకు మించకూడదు, డబ్బాను చేతికందే దూరంలో పెట్టుకోండి. ముక్కను నిలువుగా దించి, పైకీ కిందికీ ఆడించండి. పక్కకు ఊపితే ఒకవైపు ముందు చల్లారి వంకర తిరుగుతుంది. సగం ముంచి ఆగితే నూనె అంటుకుంటుంది, దించితే పూర్తిగా దించాలి. చేతికి ఓర్చుకునే వేడికి వచ్చాక బయటికి తీయండి.

ఇక ఐదో ముక్కను నీళ్లలో వేయండి, ఎందుకు వేయకూడదో తెలుస్తుంది. చాలాసార్లు చిన్నగా టిక్‌మన్న శబ్దం వినిపిస్తుంది. ఒక్కోసారి నీళ్లలో కాదు, బయటికి తీసి పక్కన పెట్టిన ఐదు నిమిషాలకు.

ఆకురాయి ఏం చెబుతుంది

ముక్కల మీది పొక్కును గీకి, కనీసం అర మి.మీ. లోతు అరగదీసి అప్పుడు పరీక్షించండి. కొలిమిలో పైపొర కార్బన్ కోల్పోతుంది. ఆ మెత్తటి పొట్టు మీద ఆకురాయి నడిస్తే, పదును ఎక్కలేదనుకుని మళ్లీ మళ్లీ కాల్చి ముక్కను నాశనం చేసుకుంటారు.

బూడిద ముక్క మీద ఆకురాయి కసకసా తింటుంది. వైస్‌లో బిగించి గొట్టం తొడిగి వంచితే వంగుతుంది. గాలి ముక్క కూడా తెగుతుంది గానీ మొండికేస్తుంది. నూనె ముక్క మీద ఆకురాయి గాజు మీద జారినట్టు కీచుమంటూ జారిపోతుంది. దాన్ని వైస్‌లో బిగించి, పైన పాత గోనె కప్పి, సుత్తితో కొట్టండి. వంగకుండానే తెగుతుంది. తెగిన ముఖం సన్నటి బూడిదరంగు పట్టులా ఉంటే కాల్చడం సరిగా కుదిరింది. పంచదార పలుకుల్లా మెరుస్తుంటే వేడి ఎక్కువైంది, రేణువులు పెరిగాయి. ఏ ప్రయోగశాలా అక్కర్లేని మైక్రోస్కోపు ఇది.

లోపల జరిగింది ఇదీ. ఆస్టెనైట్ తనలో 2 శాతం దాకా కార్బన్‌ను కరిగించుకోగలదు. ఫెర్రైట్‌కు మాత్రం 0.02 శాతమే పడుతుంది. వేడి తగ్గి ఆస్టెనైట్ ఫెర్రైట్‌గా మారేటప్పుడు మిగిలిన కార్బన్ ఎక్కడికో పోవాలి. తీరిక ఇస్తే పక్కకు జరిగి సిమెంటైట్ అనే గట్టి పొరలుగా పేరుకుంటుంది. ఫెర్రైట్ పొర, సిమెంటైట్ పొర ఒకదాని మీద ఒకటి పుల్కాల దొంతరలా పేరిస్తే అది పెర్లైట్. బూడిదలో తీరిక ఎక్కువ కాబట్టి మందపాటి పొరలు, మెత్తటి ముక్క. గాలిలో తీరిక తక్కువ, పొరలు సన్నం, ముక్క గట్టి. నూనెలో అసలు తీరికే లేదు. దాదాపు 280 డిగ్రీలకు దిగేదాకా ఆస్టెనైట్ అలాగే ఉండి, అక్కడి నుంచి ఒక్కసారిగా అమరిక మార్చుకుంటుంది, కార్బన్ ఎక్కడిదక్కడే ఇరుక్కుపోతుంది. ఆ ఇరుకుతో ఘనం ఒకవైపు సాగి నిలువు డబ్బాలా అవుతుంది. దాని పేరు మార్టెన్‌సైట్. నీళ్లు, నూనె ఉక్కులోకి ఏ గట్టిదనాన్నీ ఎక్కించవు, కార్బన్ తప్పించుకునే వేళ లేకుండా చేస్తాయి, అంతే.

మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు లోహం ఘనపరిమాణంలో సుమారు 4 శాతం ఉబ్బుతుంది. పైపొర ముందు మారి బిగుసుకుంటుంది, తర్వాత నడిమిభాగం ఉబ్బి దాన్ని లోపలి నుంచి చీలుస్తుంది. నీళ్ల ముక్క పగిలింది అందుకే.

టెంపరింగ్: రంగుల లెక్క

నాలుగో ముక్కను నూనెలోంచి తీసిన గంటలోపే టెంపరింగ్‌కు, అంటే పెళుసుదనం తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడి చేయడానికి, పెట్టాలి. రేపు చూద్దామని వదిలేస్తే పొద్దున్నే పగులు కనిపించొచ్చు. ఒక వైపు ఎమరీ కాగితంతో అద్దంలా తళతళలాడించండి. వేలి జిడ్డు అంటకూడదు, అంటిన చోట రంగు తప్పుగా వస్తుంది. పాత పెనం మీద రెండంగుళాల ఇసుక పోసి వేడిచేసి, ముక్కను మెరిసే వైపు పైకి ఉండేలా ఇసుకలో సగం దించండి.

లేత గడ్డి రంగు వస్తే సుమారు 210–220 డిగ్రీలు, ముదురు గడ్డి రంగు 240, గోధుమ 255, ఊదా 280, నీలం 300 చుట్టూ. కత్తి, కొడవలి లాంటి సన్నటి అంచులకు గడ్డి రంగు దగ్గరే ఆపాలి. సుత్తి దెబ్బ తినే ఉలికి గోధుమ దాటి ఊదా అందుకునే చోటు సరైనది. కావలసిన రంగు రాగానే తీసి, చల్లారనిచ్చి, మళ్లీ ఒకసారి అంతే వేడికి తేవడం మంచిది. ఈ వేడిలో ఇరుక్కున్న కార్బన్ కొద్దికొద్దిగా బయటికొచ్చి అతి సన్నటి కణాలుగా స్థిరపడుతుంది. గట్టిదనం కొంత తగ్గి, విరగని గుణం వస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ రంగు ఉక్కు దశది కాదు, పైన పట్టిన ఆక్సైడ్ పొర మందానిది. తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచినా అదే రంగు వస్తుంది. క్రోమియం ఉన్న పట్టీలో రంగు ఆలస్యంగా తేలుతుంది, రంగునే నమ్ముకుంటే మీరు అనుకున్నదానికంటే వేడి పైన ఉంటుంది. తుపాకీ థర్మామీటర్‌ను మెరిసే ఉక్కుకు గురిపెడితే చాలా తక్కువ చూపిస్తుంది. నుదురు మీద పెట్టే రకమైతే ఈ పనికి ఎందుకూ కొరగాదు.

రాతి ఉలి చేయాలంటే

బండ కొట్టే ఉలికి నిలువునా పదును పెట్టడం ప్రమాదం. కొన వైపు రెండున్నర అంగుళాలు మాత్రమే ఎరుపుకు తెచ్చి, కొనను అంగుళంన్నర నూనెలో ముంచి ఆడించండి. నిశ్చలంగా పెట్టొద్దు, ఆడించకపోతే నూనె గీత దగ్గరే పగులు వస్తుంది. కొన నల్లబడగానే తీసి, ఇటుక ముక్కతో గబగబా రుద్ది తెలుపు తేవాలి. వెనక భాగంలో మిగిలిన వేడి కొనవైపు పాకుతుంది: ముందు గడ్డి రంగు, వెనకే గోధుమ, దాని వెనక ఊదా, వరుసకట్టి నడుస్తాయి. ఊదా అంచు కొనను తాకేలోపే మొత్తం ఉలిని చల్లార్చేయాలి. దెబ్బ తినే తలకు పదును ఎక్కకూడదు. మెత్తటి తల పుట్టగొడుగులా పరుచుకుంటుంది, అప్పుడప్పుడు గ్రైండర్‌తో చెక్కేస్తే సరి. గట్టి తల పెళ్లలై ఎగిరి కంట్లో పడుతుంది.

పని చేస్తూ చేస్తూ కొన మొద్దుబారితే, గ్రైండర్ మీద నీలం రంగు రానిచ్చారంటే ఆ చోట పెట్టిన పదును పోయినట్టే. ప్రతి రెండు సెకన్లకూ నీళ్లలో ముంచుతూ సానపట్టాలి.

ఇప్పుడు పటం తెరవండి

కార్బన్ శాతం చూపే కింది గీత మీద 0.6 దగ్గర నిలువుగా ఒక గీత గీయండి. అది మీ కమాన్ పట్టీ. 727 అడ్డగీతను తాకిన చోట పెర్లైట్ ఆస్టెనైట్‌గా మారడం మొదలైంది, మీరు చూసిన నీడ అదే. పైన వాలుగీతను దాటిన చోట మిగిలిన ఫెర్రైట్ కూడా అయిపోయింది. 0.8 దగ్గర ఈ వాలుగీతా, కుడివైపు నుంచి దిగే ఇంకో వాలుగీతా కలుస్తాయి, అక్కడ మొత్తం పెర్లైటే. దానికి కుడిపక్క 1 శాతం దాటిన ప్రాంతంలో మీ ఆకురాయి ఉంటుంది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన, ఇంగ్లీషు పుస్తకాలు ఊట్జ్ అని రాసే మన ఉక్కు కూడా అక్కడిదే.

పటమంతా వెతికినా మార్టెన్‌సైట్ కనిపించదు. పటం గీసింది బూడిద ముక్క లాంటి తీరికైన చల్లారింపుకు మాత్రమే. వేగం లెక్కలోకి వస్తే కాలం–వేడి పటం చూడాలి. 0.8 శాతం మామూలు కార్బన్ ఉక్కుకు పెర్లైట్ మొదలయ్యే వేళను చూపే వంపు 550 డిగ్రీల దగ్గర ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది, మార్టెన్‌సైట్ రావాలంటే దాన్ని సుమారు ఒక సెకనులో దాటాలి. మాంగనీసు, క్రోమియం ఆ ముక్కును కుడికి నెట్టి మరికొన్ని సెకన్లు ఇస్తాయి. అందుకే కమాన్ పట్టీకి నూనె వేగం సరిపోయింది.

ఈ లెక్కలు ఉక్కువే. రాగిని, ఇత్తడిని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడతాయి. దురాల్యుమిన్ లాంటి అల్యూమినియం మిశ్రమం ముంచినప్పుడు మెత్తగా ఉండి, రోజులు గడిచేకొద్దీ దానంతటదే గట్టిపడుతుంది.

టీఎంటీ కడ్డీ సంగతి

కడ్డీని అడ్డంగా కోసి, ఎమరీ 120 నుంచి 800 దాకా వరుసగా రుద్ది, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే ఫెర్రిక్ క్లోరైడ్‌ను పది వంతుల నీళ్లలో కలిపి దూదితో అద్దండి. చేతులకు గ్లౌజులు ఉండాలి. నిమిషంలోపే చుట్టూ ఒక వలయం, నడుమ వేరే రంగు గుండ్రం తేలతాయి. మిల్లులో ఎర్రటి కడ్డీ నీటి జల్లులోంచి దూసుకుపోయినప్పుడు పైపొర మార్టెన్‌సైట్ అయింది, లోపలి వేడి బయటికి పాకి దాన్ని టెంపర్ చేసింది. నడిమి భాగం మెల్లగా చల్లారి ఫెర్రైట్, పెర్లైట్‌గా మిగిలింది. మీరు ఉలితో చేసిన పనే అది. కార్బన్ పావు శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి దీనితో చేసిన ఉలి రాతి మీద నిలవదు. ఈ కడ్డీని సెంట్రింగ్ దగ్గర ఎవరైనా మంటపెట్టి ఎర్రగా కాల్చి వంచుతుంటే ఆపండి. ఆ చోట వలయం కరిగిపోతుంది, బయటికి కడ్డీ మునుపటిలాగే కనిపిస్తుంది. అనుమానం ఉంటే కాల్చిన చోట ఒక ముక్క కోసి, ఇదే ద్రావణం అద్ది చూడండి.